తెర మన వైపు తిప్పండి

కరణం అంటే ఎవరో ఇప్పటి పిల్లలకి తెలీదు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పదవుల్ని రద్దు చేసేసింది. అప్పటికి నేను పలక కూడా పట్టలేదు. మా అయ్య చెప్తే విన్నదే. కరణం గొలుసుకట్టు రాత రాసేవాడట. చదువొచ్చినోడిక్కూడా ఆ రాత కొరుకుడు పడేది కాదట. ఏ సెంటు ఎవడి పేర ఉందో కరణం నోటితో చెప్తేనే తెలిసేది. "అరుగు కింద నిలబడి అడిగితే దస్తరం చూసి చెప్పేవాడు గానీ, దస్తరం మా వైపు ఎప్పుడన్నా తిప్పాడేటి?" అనేవాడు అయ్య. తిప్పినా చదవగలిగే స్థితి అయ్యకి లేదు, అది వేరే సంగతి. అసలు తిప్పలేదన్నదే ఇక్కడ మాట.

కరణం పోయి నలభై ఏళ్ళు దాటింది. దస్తరం పోయిందా? పోలేదు. అది గాజు తెరలోకి ఎక్కింది. ఇప్పుడు మన అమ్మలు, అప్పలు ఏ పనికి ఏ ఆఫీసుకి పోయినా ముందు వినబడే మాట "ఆన్‌లైన్లో చూడాలి". ఆ తర్వాత మాట "ఆన్‌లైన్లో లేదు". ఇంకా గట్టిగా అడిగితే "సర్వర్ పని చెయ్యట్లేదు, రేపు రా". 2019 అక్టోబరు 2న ఊరూరా సచివాలయాలు పెట్టి, అందులో డిజిటల్ అసిస్టెంట్ అని ఒక ఉద్యోగిని కూర్చోబెట్టారు. మంచిదే. ఆ కుర్చీల్లో మన పేటల పిల్లలు కూడా కొందరున్నారు, అదీ మంచిదే. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఆఫీసు బోర్డు మీద పేర్లు మారతాయి. తెర మాత్రం ఎప్పుడూ కుర్చీ వైపే తిరిగి ఉంటుంది. ఇవతల నిలబడ్డ మనిషికి కనబడేది దాని వీపు, నాలుగు వైర్లు.

అందుకే అంటున్నాను, కంప్యూటర్ చదువు సంగతి పట్నం ఉద్యోగాల సంగతి మాత్రమే కాదు. మన పేట సంగతి. మన ఉద్యమం దీన్ని ఇన్నాళ్ళూ ఇంజనీరింగ్ కాలేజీల వాళ్ళకి వదిలేసింది. ఇక వదలడానికి వీల్లేదు.

ఈ మధ్య మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లల చేత "నేను, కంప్యూటర్" అని ఒక పేజీ రాయించాను. నేను తెలుగు చెప్పే మాస్టారిని. వ్యాసాలు రాయించడం నా పని. సగం మంది గైడులో ఉన్నదే దించేశారు. కంప్యూటర్ ఒక ఎలక్ట్రానిక్ యంత్రము, దానిని కనిపెట్టినవాడు ఫలానా, ఉపయోగములు, నష్టములు. బొబ్బిలి చుట్టుపక్కల ఒక పేట నుంచి వచ్చే ఒక గుంట మాత్రం తను చూసింది రాసింది. పేరు వెయ్యను. ఆమె రాసిన ముక్కల్ని, అక్షరదోషాలు మాత్రం దిద్ది, ఇక్కడ ఇస్తున్నాను.

"నేను కంప్యూటర్ ఏడో తరగతిలో మొదట చూశాను. అప్పుడు వేరే బడి. దానికి గుడ్డ కప్పి ఉండేది. గదికి తాళం ఉండేది. ఒకరోజు ఎవరో సార్లు చూడ్డానికి వస్తున్నారని గది ఊడవడానికి నన్నూ ఇంకో ఇద్దర్నీ పంపారు. గుడ్డ తీసి చూశాను. అక్షరాలు వరసగా లేవు. ఎ పక్కన ఎస్ ఉంది. ఎందుకో తెలీదు. ఒక మీట నొక్కాను. కరెంటు లేదు, ఏమీ అవలేదు. అయినా భయమేసింది.

"ఎనిమిదిలో పీరియడ్ ఉండేది. ఒక్కోదాని దగ్గర ఎనిమిది మందిమి నిలబడేవాళ్ళం. ముందు కూర్చున్నవాళ్ళు రోజూ వాళ్ళే. నేను ఏడాదిలో మూడుసార్లు మౌస్ పట్టుకున్నాను. పరీక్షలో మౌస్ బొమ్మ గీసి భాగాలు గుర్తించమన్నారు. నాకు పదికి పది వచ్చాయి."

ఆ చివరి మూడు వాక్యాలు మళ్ళీ చదవండి. మూడుసార్లు పట్టుకుంది, పదికి పది వచ్చాయి. ఈ దేశంలో బీదపిల్లలకి చదువు ఎలా చెప్తారో ఇంతకన్నా పొట్టిగా నేను చెప్పలేను. ఇక ఊడ్చే పని సంగతి. గది ఊడవడానికి ఏ ముగ్గుర్ని పంపారో, వాళ్ళు ఏ పేటల పిల్లలో నేను వేరే చెప్పాలా? తాళం తీసింది చీపురు కోసం, మౌస్ కోసం కాదు. ఏ బడో రాయడం లేదు. రాస్తే ఆ ఒక్క బడినే తిట్టుకుని మిగతావాళ్ళు చేతులు దులుపుకుంటారు.

గుడ్డ కప్పడం, తాళం వెయ్యడం, చెప్పులు బయట విడవమనడం, ఇదంతా కొత్తది కాదు. నేను డిగ్రీ చదివే రోజుల్లో, 1999 ప్రాంతంలో, ఊరూరా కంప్యూటర్ సెంటర్లు పుట్టగొడుగుల్లా లేచాయి. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, కాబట్టి ఏం నేర్చుకోవాలో చెప్పేవాడు లేడు. అందరూ వెళ్తున్నారని నేనూ ఒక సెంటర్లో చేరాను. గుమ్మం దగ్గర చెప్పుల వరస. లోపల చల్లటి గది, అద్దాల తలుపు. దుమ్ము పడకూడదని చెప్పులు విడవమన్నారు, అందరినీ విడవమన్నారు. సరే, దుమ్ము నిజమే. కానీ తరతరాలుగా కొన్ని గుమ్మాల ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన ఇంటి పిల్లాడికి ఆ గుమ్మం ఉత్త గుమ్మంలాగా అనిపించదు. పక్కన కూర్చున్నోడికి అది చల్లటి గది. మనకి అది గర్భగుడి. మీట తప్పు నొక్కితే ఏదో పాడైపోతుందనీ, పాడైతే మన మీద పడుతుందనీ భయం. ఆ గుంట కరెంటు లేని మిషను మీట నొక్కి భయపడిందంటే నాకు ఆశ్చర్యం కలగలేదు.

అంబేద్కర్ చిన్నప్పుడు సతారాలో బడికి పోయేటప్పుడు కూర్చోడానికి గోనెపట్టా ఇంటి నుంచి తీసుకుపోయేవాడు. దాహమేస్తే కుళాయి తను తిప్పుకోడానికి లేదు, ప్యూన్ వచ్చి తిప్పాలి. ప్యూన్ రాకపోతే దాహం దాహమే. ఇప్పుడు మా పిల్లలకి బోధకుడు వస్తే కంప్యూటర్, రాకపోతే గుడ్డ. రెండూ ఒకటే అని నేననడం లేదు. ఇప్పుడు మనకి చట్టాలున్నాయి, అడిగే నోరుంది. కానీ "ముట్టుకోకు" అనే మాటకి కొత్త కారణాలు ఎంత తొందరగా దొరుకుతాయో చూడండి.

బళ్ళకి కంప్యూటర్లు ఇవ్వలేదా అంటే ఇస్తూనే ఉన్నారు. 1984-85లోనే కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం పెట్టి, ఇంగ్లండు నుంచి బీబీసీ మైక్రో అనే మిషన్లు తెప్పించి, దేశంలో 250 బళ్ళతో మొదలెట్టింది. అవి మన పేటల పిల్లల దాకా వచ్చుంటాయని ఎవరూ అనుకోరు గదా. 2004 డిసెంబరులో ఐసీటీ ఎట్ స్కూల్స్ అని ఇంకోటి. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో వేల హైస్కూళ్ళలో ప్రైవేటు కంపెనీల చేత కంప్యూటర్లు పెట్టించి, కాంట్రాక్టు బోధకుల్ని వేశారు. గడువు అయిదేళ్ళు. గడువు తీరేసరికి బోధకులు రోడ్డున పడ్డారు, మిషన్లు గుడ్డ కింద మిగిలాయి. వాటిలో ఎన్ని లేస్తాయో, ఎన్ని ఎలుకల పాలయ్యాయో చెప్పే నాథుడు లేడు. ఆ బోధకుల్లోనూ మన పిల్లలుండేవారు. చాలీచాలని జీతానికి అయిదేళ్ళు చెప్పి, తర్వాత ఏ పనికి పోయారో ఎవరడిగారు?

ఆ తర్వాత 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి దాదాపు 5 లక్షల ట్యాబులు పంచారు. అందులో బైజూస్ పాఠాలు వేసిచ్చారు. పిల్లలు సంబరపడ్డారు, తల్లులు బీరువా లేక బియ్యం డబ్బాలో దాచారు. 2024 జూలైలో ఆ బైజూస్ కంపెనీ మీదే దివాలా విచారణ మొదలైంది. ట్యాబు పంచడం తప్పని నేననను. మన పిల్లల చేతికి అలాంటి వస్తువు వచ్చిందంటేనే కళ్ళల్లో నిప్పులు పోసుకున్న పెద్దమనుషులు ఉన్నారు, వాళ్ళ పాట నేను పాడను. నా మాట వేరు. ట్యాబులో గానీ, గోడకి తగిలించిన పెద్ద తెరలో గానీ పిల్ల చేసే పనేమిటి? చూడ్డం. సినిమా చూసినట్టు పాఠం చూడ్డం. తను రాయడం, లెక్క వెయ్యడం, పట్టిక గీయడం, ఒక చిన్న ప్రోగ్రాం రాసి అది తప్పితే ఎందుకు తప్పిందో వెతకడం, ఇవి ఎప్పుడు?

మన బొబ్బిలి వీణ సంగతే తీసుకోండి. గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి, ఒకే చెక్కలో కుండ, దండి వచ్చేట్టు ఏకాండి వీణ చేస్తారు. దేశమంతా పేరున్న పని. అక్కడ కొత్తగా పని నేర్చుకునే కుర్రాడికి ఉలి చేతికివ్వకుండా, గోడ మీద వీణ బొమ్మ చూపించి, భాగాలు గుర్తించమని, పదికి పది వేసి పంపిస్తే వాడు ఏ కాలానికి వీణ చేస్తాడు? చేతిపని చేతికే వస్తుంది. తొలిచేటప్పుడు నాలుగు దుంగలు పాడవుతాయి. పాడవనివ్వాలి. కంప్యూటర్‌కి అంత భయం కూడా అక్కర్లేదు, తప్పు కొడితే చెరిపేసి మళ్ళీ కొట్టొచ్చు, దుంగ ఖర్చు లేదు.

ఆ అమ్మాయి వ్యాసంలో తర్వాత ముక్క ఇది.

"ఈ బడిలో తెలుగులో కొట్టడం నేర్చుకున్నాను. మొదట వొత్తు రాలేదు. క కొట్టి, పొల్లు కొట్టి, మళ్ళీ క కొడితే క్క వచ్చింది. వొత్తంటే కింద వేరేగా రాసేది అనుకునేదాన్ని. కాదు. పైనున్న అక్షరానికి అచ్చు తీసేస్తే తర్వాత అక్షరం వచ్చి కింద చేరుతుంది. ఇది ఆరో తరగతిలో చెప్పారు గానీ నాకు ఇప్పుడు తెలిసింది."

ఇరవై ఏళ్ళుగా ద్విత్వం, సంయుక్తం అని బోర్డు మీద రాస్తున్నవాణ్ణి. పొల్లు మీట నాకన్నా బాగా పాఠం చెప్పిందంటే ఒప్పుకోక తప్పదు.

కంప్యూటర్‌లో తెలుగు ఎలా ఉంటుందో పేటల్లో కూడా తెలియాలి, ఇది పెద్ద రహస్యమేమీ కాదు. మిషనుకి అక్షరాలు తెలీవు, అంకెలే తెలుసు. అందులోనూ సున్నా, ఒకటి, అంతే. అందుకని ప్రపంచంలో భాషలన్నిటి అక్షరాలకీ తలో అంకె ఇచ్చి యూనికోడ్ అనే పట్టీ తయారు చేశారు. 1991లో వచ్చిన మొదటి పట్టీలోనే తెలుగు ఉంది. అందులో 'అ' అంకె 3077, 'క' అంకె 3093. కోటలో కూర్చుని కొట్టినా 'అ' అంటే 3077, మాలపేటలో కొట్టినా, రెల్లివీధిలో కొట్టినా 3077. ఏ కరణం దిద్దడానికి లేదు. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రభుత్వ కీబోర్డు అమరికలో అచ్చులు ఎడమ చేతి కింద, హల్లులు కుడి చేతి కింద ఉంటాయి. పది రోజులు రోజుకో గంట కూర్చుంటే పదేళ్ళ పిల్ల చూడకుండా కొడుతుంది. కానీ మన డీటీపీ షాపుల్లో ఇప్పటికీ చాలామంది అను ఫాంట్లలో కొడతారు. ఆ ఫాంటు లేని ఫోన్లో తెరిస్తే పిచ్చిగీతలు కనబడతాయి. మన కరపత్రాలు, మహజర్లు ఎన్నో ఇలా ఎవడి మిషన్లోనో చిక్కుకుపోయాయి, వెతికినా దొరకవు. ఉద్యమం రాసుకున్న కాగితం ఉద్యమానికే చదవరాకపోవడమేంటి? ఇకనుంచి ఏ మహజరు కొట్టించినా యూనికోడ్‌లో కొట్టమని అడగండి. షాపువాడు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

ఇక ఆ వ్యాసంలో నన్ను నిలబెట్టేసిన ముక్క.

"నా పేరు కొట్టాక మా అమ్మ పేరు కొట్టాను. అమ్మ పేరు రేషను కార్డులో ఒకలాగా, ఆధార్లో ఒకలాగా ఉంది. ఎవరో తొందరగా కొట్టి ఉంటారు. వాళ్ళు కొట్టేటప్పుడు మా అమ్మ ఎదురుగానే ఉందంట. కానీ తెర అటు తిరిగి ఉంది. ఇంట్లో ఫోన్ అన్నయ్య దగ్గర ఉంటుంది. అందుకని నేను బళ్ళోనే నేర్చుకోవాలి."

పద్నాలుగేళ్ళ పిల్ల ఇది రాసింది. పెద్ద పెద్ద సెమినార్లలో డిజిటల్ అంతరం అని గంటలు గంటలు మాట్లాడేవాళ్ళు ఈ నాలుగు వాక్యాలు ముందు చదవాలి.

రెండు కార్డుల్లో పేరు రెండు రకాలుగా ఉంటే ఏమవుతుందో మన ఆడవాళ్ళకి తెలుసు. ఉపాధి హామీ 2006లో మొదలైనప్పుడు పుస్తకంలో మస్టరు ఉండేది. 2023 జనవరి 1 నుంచి ఫోనులో రోజుకి రెండుసార్లు ఫొటో హాజరు దేశమంతటా తప్పనిసరి చేశారు. 2024 జనవరి 1 నుంచి ఆధార్‌తో జోడించిన ఖాతాకే కూలి అన్నారు. ఎండలో గొయ్యి తవ్విన మనిషి అక్కడే ఉంది, తవ్విన గొయ్యీ అక్కడే ఉంది, కానీ పేరులో ఒక ఇంగ్లీషు అక్షరం తేడా వస్తే కూలి రాదు. 2015 నుంచి మన రాష్ట్రంలో రేషను షాపుల్లో వేలిముద్ర మిషన్లు వచ్చాయి. గమేళా మోసి, గడ్డి కోసి అరిగిపోయిన వేళ్ళకి గీతలెక్కడివి? మిషను ఒప్పుకోదు. వేలు ఉన్నోడికే బియ్యం అన్నారు, వేలు అరిగింది ఎవరి పని చేసి?

భూమి సంగతి ఇంకా ఘోరం. అడంగలు, వన్-బి ఇప్పుడు మీభూమి వెబ్‌సైటులో ఉంటాయి. 2015 నుంచి ఎవరైనా చూసుకోవచ్చు. ఎవరు చూస్తున్నారు? మనకి డి-పట్టా ఉంది, ట్రంకు పెట్టెలో ఉంది, తాత వేలిముద్ర దాని మీద ఉంది. ఆన్‌లైన్లో ఆ సర్వే నెంబరు ఎదురుగా ఎవరి పేరుందో ఏడాదికోసారైనా చూసుకునే ఇల్లు పేటలో ఎన్ని? నిషేధిత జాబితాలో, అంటే 22-ఎ లో, మన నెంబరు పడిందో లేదో ఎంతమందికి తెలుసు? అమ్ముకోబోయినప్పుడో, బ్యాంకు అప్పుకి పోయినప్పుడో, లేక ఎవడో ట్రాక్టరు దింపినప్పుడో తెలుస్తుంది. భూమి కాగితం మీద గొడవ ఎక్కడికి పోతుందో ఈ ప్రాంతం వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. వంగర మండలం లక్ష్మీపేటలో 2012 జూన్ 12న అయిదుగురు దళితుల్ని చంపేశారు. మడ్డువలస రిజర్వాయరు కింద మిగులు భూమి ఎవరు దున్నాలన్నదే అక్కడ తగువు. కంప్యూటర్ ఉంటే ఆ చావులు ఆగేవని చెప్పేంత అమాయకుణ్ణి కాను. గొడ్డలి పట్టినోణ్ణి మౌస్ ఆపదు. కానీ కాగితం ఎవరి చేతిలో ఉందో ముందే తెలిసినోళ్ళు కలెక్టరు ఆఫీసు ముందు మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

మన కార్యకర్తల్లోనే కొందరు పెద్దలు నాతో వాదిస్తారు. "మాస్టారూ, ముందు భూమి, ముందు ఆత్మగౌరవం. కంప్యూటర్లు చంద్రబాబు హైటెక్ మోజు. మనకెందుకు?" అంటారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు ఆ మోజుని తిట్టినవాళ్ళు నిజమే చెప్పారు. ఆ హైదరాబాదు మేడలు కట్టిన కూలీలు పాలమూరు నుంచీ మన శ్రీకాకుళం, విజయనగరం నుంచీ పోయినవాళ్ళే. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల మేడ కూలి 61 మంది చచ్చిపోతే, అందులో మన జిల్లాల వాళ్ళు ఎంతోమంది. కంప్యూటర్ ఊళ్ళు మన ఎముకల మీదే లేచాయి. కానీ దాన్నుంచి తేలేది ఏంటి? గోడ మనం కట్టాం కాబట్టి లోపలికి మనం పోకూడదనా? భూమా, కంప్యూటరా అని రెండు బుట్టలు పెట్టి అడగడమే తప్పు, ఎందుకంటే భూమి లెక్క ఇప్పుడు ఉన్నదే కంప్యూటర్లో.

ఇంకో రకం పెద్దమనుషులున్నారు. వీళ్ళు బయటివాళ్ళు. 2019 నవంబరులో ప్రభుత్వ బళ్ళలో ఇంగ్లీషు మీడియం జీవో 81 వచ్చినప్పుడు వీళ్ళకి తెలుగు తల్లి గుర్తొచ్చింది. వీళ్ళ పిల్లలు కాన్వెంట్లలో ఉన్నారు. ఇప్పుడు కంప్యూటర్ అంటే "ఇంకెందుకండీ, ఏఐ వచ్చేసింది, అదే రాస్తుంది, అదే చేస్తుంది" అంటున్నారు. మనం మెట్టు ఎక్కే వేళకి మెట్లే అక్కర్లేదనడం వీళ్ళకి అలవాటు. వాళ్ళ పిల్లలు మాత్రం ఏ కోర్సులో చేరుతున్నారో ఒకసారి అడగండి. ఏఐ రాసిన కాగితంలో మన సర్వే నెంబరు తప్పు పడితే పట్టుకోడానికైనా మనకి చదవడం, సరిచూడడం వచ్చుండాలా వద్దా?

"కంప్యూటర్‌కి కులం లేదు" అనేవాళ్ళు మూడో రకం. యంత్రానికి లేదు, నిజమే, 3077 సంగతి నేనే చెప్పాను. దాని ముందు కూర్చునేవాడికి ఉంది. ప్రభుత్వ ఉద్యోగంలో రిజర్వేషన్ ఉంది, ప్రైవేటు కంపెనీలో లేదు. కంప్యూటర్ ఉద్యోగాలు దాదాపు అన్నీ ప్రైవేటువే. అమెరికా దాకా పోతే కులం పోతుందనుకున్నవాళ్ళకి 2020లో జవాబు దొరికింది. ఆ ఏడాది జూన్ 30న కాలిఫోర్నియా రాష్ట్ర పౌరహక్కుల శాఖ సిస్కో కంపెనీ మీద కేసు పెట్టింది. దళిత ఇంజనీరు ఒకరి మీద ఇద్దరు పై కులాల మేనేజర్లు వివక్ష చూపారన్నది అందులో ఆరోపణ. కంపెనీ కాదంది. 2023 ఏప్రిల్లో ఆ ఇద్దరి మీద కేసు ఆ శాఖే వెనక్కి తీసుకుని, కంపెనీ మీద మాత్రం కొనసాగించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది. కాలిఫోర్నియా చట్టసభలు కూడా అలాంటి బిల్లు ఆమోదిస్తే, అక్టోబరులో గవర్నరు ఆపేశాడు. ఇదంతా చదివి మన పిల్లలు భయపడాలని చెప్పడం లేదు. పోయేవాళ్ళు తెలిసి పోవాలని.

పోయే దారి అసలు లేకపోలేదు. 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీల్లో ప్రభుత్వ బళ్ళలో పది చదివిన పిల్లలకి అదనపు మార్కు కలుపుతారు. మన వైపు ఎచ్చెర్ల దగ్గర ఎస్.ఎం.పురంలో శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ నడుస్తోంది. మా బడి నుంచి సీటు వచ్చిన పిల్లలు చెప్పేదొకటే: మొదటి నెల్లోనే వెనకబడిపోతాం మాస్టారూ, పక్కవాళ్ళు పదేళ్ళ నుంచి కీబోర్డు మీద ఉన్నారు. ఇదీ తేడా. బుర్రలో తేడా లేదు, వేళ్ళలో ఉంది. జాతీయ నమూనా సర్వే 2017-18లో లెక్క తీస్తే పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్ళు నూటికి 4.4, పట్నాల్లో 23.4. ఆ 4.4లో మన పేటల ఇళ్ళెన్నో మీరే ఊహించుకోండి. 2020లో కరోనాకి బళ్ళు మూసి ఆన్‌లైన్ క్లాసులన్నప్పుడు, మా పిల్లలు ఒక్క ఫోను చుట్టూ ముగ్గురు కూర్చున్నారు. దూరదర్శన్ సప్తగిరిలో విద్యా వారధి పాఠాలేశారు. టీవీ ఉన్న ఇంటి కిటికీ బయట నిలబడి విన్న పిల్లలు నాకు తెలుసు. ఇంట్లో లేదు కాబట్టే బడిలో కావాలి. బడి ల్యాబు గంట మన పిల్లకి ఉన్న ఒకే ఒక్క గంట. దాన్ని ఎవరూ మింగడానికి వీల్లేదు.

మరి ఏం చెయ్యాలి? నా బుద్ధికి తోచినవి చెప్తాను, మీకు తోచినవి పత్రికకి రాయండి.

మీ ఊరి బడిలో కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయి, ఎన్ని లేస్తున్నాయి, ఏ తరగతికి వారానికి ఎన్ని గంటలు, ల్యాబు హాజరు పుస్తకం ఉందా, ఈ నాలుగు ప్రశ్నలు వెయ్యండి. నోటితో అడిగితే చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకైతే రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, పై వాటికి 10. తెల్లకార్డు వాళ్ళకి ఎక్కడా లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దీంట్లో టీచర్లకి కోపాలొస్తాయి, నా తోటివాళ్ళు నా మీద కూడా విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. 2009 విద్యాహక్కు చట్టం పెట్టిన పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం ఆడవాళ్ళుండాలి, బలహీన వర్గాలకి వాళ్ళ పిల్లల దామాషాలో చోటుండాలి. ఆ కమిటీలో ఉన్న మన అమ్మలు సంతకం పెట్టి టీ తాగి వచ్చేస్తున్నారు. ఈసారి ల్యాబు తాళం తీయించి చూసి రండి. మీట ఒకటి నొక్కి రండి. పాడవదు.

కుర్చీ సంగతి కూడా అడగాలి. ఒక్క మిషను దగ్గర ఎనిమిది మంది తప్పదంటే, కూర్చునేవాడు ప్రతి వారం మారాలి. పేరు రాసి గోడకి అంటించాలి. వీళ్ళకి ముందే వచ్చు కాబట్టి వీళ్ళే కూర్చుంటారు అంటే, రానివాళ్ళకి ఎప్పటికి వస్తుంది? ఆడపిల్లలకి ముందు ఇవ్వాలి, ఎందుకంటే ఇంట్లో ఫోను అన్నయ్య చేతిలో ఉంది. ఇది మనలో మనం మాట్లాడుకోవాల్సిన సంగతి కూడా. బయట సమానత్వం మీద ఉపన్యాసం దంచి, ఇంటికొచ్చి చెల్లెలి చేతిలో ఫోను లాక్కునే కుర్రాళ్ళు మన సంఘాల్లోనే ఉన్నారు.

ఆఫీసుకి పోయినప్పుడు ఒక్క మాట అనడం అలవాటు చేసుకుందాం: "బాబూ, తెర ఇటు తిప్పండి, చూసుకుంటాం." తగాదాగా కాదు, మామూలుగా. నా పేరు ఎలా కొడుతున్నారో నేను చూడాలి. చదవడం రాని అమ్మ అయితే చదివే పిల్లని వెంట పెట్టుకుని పోవాలి. 2006 నుంచి మన రాష్ట్రంలో ఉపాధి పనుల మీద సామాజిక తనిఖీలు జరిగినప్పుడు ఊరి మధ్య మస్టరు గట్టిగా చదివేవారు. చచ్చినోడి పేరు మీద కూలి తిన్నవాళ్ళు అలా చదివితేనే బయటపడ్డారు. ఆ చదివే పనికి మనమే పిల్లల్ని తయారు చేసుకోవాలి.

మా పేటలో ప్రతి ఆదివారం పొద్దున్న పదింటికి అంబేద్కర్ బొమ్మ దగ్గర కూర్చోవడం మొదలెట్టాం. తొమ్మిది, పది చదివే పిల్లలు నలుగురు, ఫోన్లు రెండు, ఒక పాత ల్యాప్‌టాపు. ఇంటింటి అడంగలు, రేషను కార్డు, ఆధారు పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూస్తున్నారు. తేడా ఉన్నవి ఒక నోటుబుక్కులో రాసి, దిద్దుబాటు దరఖాస్తు పిల్లలే తెలుగులో కొట్టి ఇస్తున్నారు. ఎవరి ఊళ్ళో వాళ్ళు ఇలా పెట్టుకోవచ్చు, ఖర్చు లేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎలా చేస్తున్నామో చూడాలంటే వచ్చి చూడండి. వచ్చేటప్పుడు పట్టా కాగితం, రెండు కార్డులు తెచ్చుకోండి. ఫోను ఉన్నవాళ్ళు చార్జింగు పెట్టుకుని రండి, ఆదివారం పూట కరెంటుకి నమ్మకం లేదు.